నీళ్ళకు పోని పసుపు

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైకు కొనేముందు ఏం చూడాలని మా వీధి పిల్లలు ఇప్పటికీ నన్నే అడుగుతారు. నాకు ఆ బండి తోలడం రాదు. వెనక ఎక్కి కూర్చోవడం కూడా రాదు, ఆ సీటు కొంగ మెడ మీద పెట్టిన పలకలా ఉంటుంది. కానీ పామర్రు సెంటర్లో ఒక ఆటో కన్సల్టెన్సీలో, అంటే పాత బండ్లు కొని అమ్మే షాపులో, మోకాళ్ళు అరిగేదాకా బండ్లు కడిగాను. పెళ్ళికూతుర్ని పందిట్లో చూసినవాళ్ళు వేరు, ఆ పిల్లకి తలంటు పోసినవాళ్ళు వేరు. నేను తలంటు పోసిన మనిషిని.

అక్షరాలు నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. తిట్లు వచ్చినచోట పెన్ను ఆపేస్తోంది. అక్కడక్కడా చప్పగా ఉంటే ఆ అమ్మాయిని అనండి, నన్ను కాదు.

మా ఆయన పోయాక నన్ను పనిలో పెట్టుకున్నది ఆయన స్నేహితుడే. షాపు ఓనరు. "వదినా, కడగడమే, ఇంకేం లేదు" అన్నాడు. మొదటి వారంలోనే లోపల కూడా మురికి ఉంటుంది కదా అని సైలెన్సరు గొట్టంలోకి పైపు పెట్టి నీళ్ళు కొట్టాను. ఆ బండి స్టార్టు చేయగానే దగ్గి, దగ్గి, వెనక నిలబడ్డ మెకానిక్ పంచె మీద నల్లగా కక్కింది. ఆయన నన్ను తిట్టలేదు. "లోపల ఇంత ఉందని నాకే తెలియదు" అన్నాడు.

ఆ మెకానిక్ ఒక వింత మనిషి. రెండు చెవులూ మందం. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. ఇంజను గుసగుసలాడినా పట్టుకునేవాడు, మనిషి అరిచినా పలికేవాడు కాదు. నాకు వచ్చిన విద్య అంతా ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నదే. బండి చూపించేవాడు స్టార్టు చేసేలోపే ఇంజను మీద అరచెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉంటే వాడు మీరు రాకముందే ఓసారి స్టార్టు చేసి మొరాయింపు పోగొట్టాడని. చల్లటి ఇంజను నిజం చెబుతుంది. హ్యాండిలు కుడికి చివరిదాకా, ఎడమకి చివరిదాకా తిప్పి చూడాలి. క్లచ్, బ్రేకు లివర్ల చివర ఉన్న గుండ్లు చూడాలి. బండి పడితే ముందు నేలకి తగిలేవి అవే. అద్దాలు కొత్తవై, గుండ్లు అరిగి ఉంటే ఆ బండి ఎక్కడో దొర్లింది. స్పోర్ట్స్ బైకుకి ఒళ్ళంతా ఫైబరు తొడుగు. నలుగురు చూసి మెచ్చుకునేది తొడుగునే. ప్రాణం తీసేది తొడుగు కింద ఉంటుంది.

ఇక దివిసీమ బండి అయితే మడ్‌గార్డు కింద మట్టి గోటితో గీకి నాలిక్కి రాసుకునేదాన్ని. ఉప్పగా ఉంటే అది రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండి, బోల్టుల్ని లోపల తుప్పు తినేసి ఉంటుంది. నాలిక బయటపెట్టినప్పుడల్లా ఓనరు తల పట్టుకునేవాడు. "వదినా, కస్టమర్ల ముందు బండి నాకకు. ఉప్పు చాల్లేదని కొనడం మానేస్తారు."

మంచి పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక పొద్దున జరిగిన సంగతి ఇది. ఊళ్ళో సగం మంది పందిళ్ళలో ఉన్నారు. మెకానిక్ కూడా మేనకోడలి పెళ్ళికి బందరు వెళ్ళాడు. షాపులో ఓనరు, నేను, పద్దెనిమిది బండ్లు. అన్నిటికంటే ముందు ఎర్రటి స్పోర్ట్స్ బైకు ఒకటి. ముందురోజే బందరు బ్రోకరు తెచ్చి అమ్మిపెట్టమని వదిలి వెళ్ళాడు. డాక్టరు గారి బండి అట. ఆయన దాన్ని గుడికీ ఇంటికీ తప్ప తోలలేదట. మోపిదేవిలో పూజ చేయించి మరీ తెచ్చానన్నాడు. నిజంగానే హెడ్‌లైటుకి బంతిపూల దండ, ట్యాంకు మీద కుంకుమ, చక్రాలకి పసుపు. ఓనరు దానికి దణ్ణం పెట్టి, "వదినా, దుమ్ము తుడువు చాలు. దేవుడి పసుపు మీద నీళ్ళు కొట్టకు" అన్నాడు.

అప్పుడు ఒక పాత స్కూటరుని తోసుకుంటూ పంతులు గారు వచ్చారు. పెళ్ళిళ్ళు చేయించే పురోహితులు. యాభై దాటిన మనిషి, పంచెకట్టు చెమటకి కాళ్ళకి అంటుకుపోయింది, భుజాన కొబ్బరికాయల సంచి. తెల్లవారుజామున గుడివాడలో ఒక పెళ్ళి చేయించి, మధ్యాహ్నం లగ్నానికి మోపిదేవి కల్యాణమండపంలో ఇంకో పెళ్ళికి బయలుదేరారు. స్కూటరు పామర్రు సెంటర్లో చచ్చిపోయింది.

"కారు మాట్లాడుకోండి పంతులుగారూ" అన్నాడు ఓనరు.

"ఈవేళ కార్లెక్కడివయ్యా? అన్నిట్లోనూ పెళ్ళికొడుకులే ఉన్నారు. పోయినసారి కారే ఎక్కాను. కాలవ గట్టు మీద రొయ్యల లారీ ఎదురొచ్చి అడ్డంగా నిలబడింది. నేను దిగి నడిచి వెళ్ళేసరికి పీట మీద ఆ కుర్రాడు కూర్చుని ఉన్నాడు."

కుర్రాడంటే వాళ్ళ పక్క ఊరి కుర్ర పంతులు. వేగంగా పోయే బండి కొన్నాడు. ముహూర్తం ఎక్కడ ఉంటే అక్కడ ముందే వాలిపోతాడు. తాతలనాటి నుంచి మన పంతులుగారిని పిలిచే ఇళ్ళు ఒక్కొక్కటే అతని వైపు జారిపోతున్నాయి. ఈ మోపిదేవి పెళ్ళివారు చివరికి మిగిలిన పెద్ద ఇల్లు. వీళ్ళూ పోతే ఇక ఆబ్దికాలు పెట్టుకుని బతకాల్సిందే అని ఆయనే చెప్పారు.

ఇంతలో ఫోను మోగింది. పెళ్ళికూతురి తండ్రి. స్పీకరులో పెట్టారు.

"పంతులుగారూ, ఎక్కడిదాకా వచ్చారు?"

"చల్లపల్లి దాటానండీ" అన్నారు పంతులుగారు, పామర్రులో మా నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి.

"త్వరగా రండి. కుర్ర పంతులుగారు భోజనానికని వచ్చారు. లేటవుతుందంటే ఆయన్నే కూర్చోబెట్టేస్తాం, ఏమీ అనుకోకండి."

ఫోను పెట్టేసి ఆయన తిన్నగా ఎర్ర బండి వైపు చూశారు. "ఇది నా కంట్లో పడటం దైవసంకల్పం" అన్నారు.

అక్కడ మొదలైంది ఆయన చెకింగు. పంచాంగం తీశారు. నంబరు ప్లేటు మీది అంకెలు కూడి తృప్తిగా తల ఊపారు. బండి ఏ దిక్కుకి తిరిగి ఉందో చూశారు. రిజిస్ట్రేషను రోజు ఏ నక్షత్రమో లెక్క కట్టి, "దీర్ఘాయుష్షు ఉందయ్యా ఈ బండికి" అన్నారు.

"బండికి సరేనండీ, ఎక్కేవాళ్ళకి?" అన్నాను నేను.

ఓనరు నా వైపు గుడ్లురిమాడు. కానీ నాకు అప్పటికే మనసు కుదురుగా లేదు. ఇంజను చల్లగానే ఉంది. టైర్లు బాగున్నాయి. మట్టి ఉప్పగా లేదు, ముందురోజే చూశాను. కానీ రెండు లివర్ల గుండ్లూ ఒక పక్కకి అరిగి ఉన్నాయి, అద్దాలు మాత్రం నిన్న మొన్న కొన్నట్టు మెరుస్తున్నాయి. హ్యాండిలు తిప్పితే కుడికి నిండుగా తిరిగింది, ఎడమకి తిప్పితే సగంలోనే ట్యాంకుకి తగిలింది.

పంతులుగారు తాళం అందుకోబోతూ నన్ను చూశారు. బొట్టు లేని నుదురు చూశారు. పాపం, చెడ్డ మనిషి కాదు, నసుగుతూనే అన్నారు. "అమ్మా, ఏమీ అనుకోకు. కొత్తగా తాళం పుచ్చుకుంటున్నాను కదా. నువ్వు కాస్త ఆ పక్కకి జరిగితే..."

"నేను జరుగుతాను గానీ పంతులుగారూ, హ్యాండిలు జరగడం లేదండీ."

"వదినా!" అన్నాడు ఓనరు.

నేను కిందకి వంగాను. హ్యాండిలు తిరిగేచోట, ట్యాంకు ముందు, బండి మెడ ఉంటుంది. ముందు చక్రాన్నీ మిగతా బండినీ కలిపి పట్టుకునేది అదే. ఫైబరు తొడుగు వెనక, చీకట్లో, ఆ మెడ చుట్టూ కూడా దట్టంగా పసుపు, దాని మీద మూడు కుంకుమ బొట్లు. నాకు అనుమానం అక్కడ పుట్టింది. ఎన్ని పూజల బండ్లు కడిగానో నాకే తెలియదు. హెడ్‌లైటుకి పెడతారు, ట్యాంకుకి పెడతారు, చక్రానికి పెడతారు. దేవుడికీ జనానికీ కనపడేచోట పెడతారు. దేవుడు టార్చిలైటు వేసుకుని వంగి చూసేచోట ఎవరు పెడతారు?

తుడవాలని గుడ్డ పట్టుకున్నాను. చెయ్యి వెళ్ళలేదు. నిజం చెప్పద్దూ, నాకూ భయమే. మోపిదేవి స్వామి అంటే సుబ్బారాయుడు, పాముల దేవుడు. పసుపు తుడిస్తే కళ్ళు పోతాయని పుట్టినప్పటి నుంచి విన్నాను. పైగా నాలాంటిది తుడిస్తే ఇక చెప్పక్కర్లేదు.

అందుకని తుడవలేదు. పక్కనున్న టైరు కడుగుతున్నట్టు పైపు తిప్పి, చెయ్యి జారినట్టు మెడ మీదకి నీళ్ళు వదిలాను.

"అయ్యో, అయ్యో, దేవుడి పసుపు!" ఓనరు పరిగెత్తుకొచ్చి పైపు లాక్కున్నాడు. ఆ లాగులాటలో ఆయన చొక్కా, పంతులుగారి పంచాంగం, రోడ్డు మీద పోతున్న ఒక మేక కూడా తడిసిపోయాయి.

పంతులుగారికి కోపం వచ్చింది. "ఏమ్మా, బుద్ధి ఉందా? ప్రయాణానికి ముందు పసుపు కడిగేస్తావా?"

"కడగలేదండీ" అన్నాను. "కడిగితే పోవాలి కదా. చక్రం మీదది పోయింది, చూడండి. ట్యాంకు మీది కుంకుమ ఏరులా కారింది. మెడ మీదది మాత్రం చెక్కుచెదరలేదు. ఇన్నేళ్ళలో నీళ్ళకు పోని పసుపు నేను చూడలేదు. మీరు రోజూ చేత్తో కలిపేవారు, మీకే తెలియాలి. నేను ముట్టను. మీరే ముట్టి చెప్పండి."

ఆయన ఫోను మళ్ళీ మోగింది. కట్ చేశారు. చిరాగ్గా వంగి, వేలు పెట్టి రుద్దారు. రాలేదు. గోరు పెట్టి గీకారు. చిన్న పెచ్చు ఊడింది. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆ ముఖం నేను చచ్చేదాకా మర్చిపోను. ముహూర్తం మర్చిపోయారు, కుర్ర పంతుల్ని మర్చిపోయారు.

"ఇది పసుపు కాదు!" అని అరిచారు. "ఇది... ఇది పంక్చరు షాపు వాసన వేస్తోంది! లప్పంలో పసుపు పొడి కలిపి పూశాడు పాపాత్ముడు! పసుపుకి అపచారం! నలభై ఏళ్ళుగా పసుపు పట్టుకున్న చెయ్యి ఇది, నాకే మోసమా!"

ఓనరు అప్పుడు స్క్రూడ్రైవరు తెచ్చి మిగతాది గీకాడు. లప్పం కింద మెడ చుట్టూ పగులు, దాని మీద చిందరవందరగా వెల్డింగు అతుకులు. బండి దేన్నో గుద్ది మెడ విరిగితే అతికించి, గోడకి లప్పం పెట్టినట్టు పెట్టేసి, ఎవరూ తుడవకూడనిది పైన పూశాడు. వేగంగా పోతూ ఒక్క గుంటలో పడితే ముందు చక్రం ఒక దారి, పంతులుగారు ఒక దారి. ఓనరు బ్రోకరుకి ఫోను చేశాడు. స్విచాఫ్. తర్వాత కూడా ఆ నంబరు ఎప్పుడూ మోగలేదు.

పంతులుగారు మాత్రం నేల మీద కూలబడ్డారు. బతికిపోయానన్న సంతోషం ఏమీ లేదు. "ఇప్పుడు నేనెలా వెళ్ళేది?" అన్నారు. షాపులో మిగతా బండ్లన్నిటికీ పెట్రోలు తీసేసి ఉంచుతాం, సగం వాటికి బ్యాటరీ కూడా ఉండదు. నడిచే బండి ఒకటే ఉంది. నా మోపెడ్. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉండి బండ్ల మీద మరకలు పడతాయని, రోజూ కాలవ నీళ్ళు డ్రమ్ముల్లో దాని మీదే తెచ్చేదాన్ని.

"తాళం ఇవ్వమ్మా" అన్నారాయన.

ఇవ్వబోతుంటే ఫోను మూడోసారి మోగింది. ఈసారి పెళ్ళికూతురి తండ్రి గొంతు మారిపోయింది. "పంతులుగారూ, గణపతి పూజకి టైమైంది. కుర్ర పంతులుగారు కండువా సర్దుకుంటున్నారు."

పంతులుగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "ఎవరూ పీట మీద కూర్చోకండి. నేను మొదలుపెట్టేస్తున్నాను. ఫోను మైకు దగ్గర పెట్టండి. ఒకరు మొదలుపెట్టిన మంత్రం మధ్యలో ఇంకొకరు అందుకోకూడదు, మహాదోషం!" అని గట్టిగా మంత్రం ఎత్తుకున్నారు. ఆ దోషం ఏ శాస్త్రంలో ఉందో నేను తర్వాత అడిగాను. తడిసిన పంచాంగం ఎండబెట్టుకోవాలన్నారు.

ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో సంచి. మంత్రం ఆపడానికి లేదు. ఇక బండి ఎవరు తోలాలి? నేను కొంగు బిగించాను. "ఎక్కండి. ఎదురు రాకూడదనేగా జరగమన్నారు, ముందు కూర్చుంటే నా వీపే కనపడుతుంది."

మంత్రం ఆపకుండానే ఎక్కారు. మా ఇద్దరి మధ్యా కొబ్బరికాయల సంచిని పొలం గట్టులా పెట్టుకున్నారు. గుంత వచ్చినప్పుడల్లా ఆ కాయలు నా నడుము మీద కొడుతుంటే, వెనక మంత్రం ఒక్కసారి ఎగిరి మళ్ళీ దారిన పడేది. కూచిపూడి దాటాం. చల్లపల్లి దగ్గర గేదెలు అడ్డొస్తే నేను నోటికొచ్చిన మాట అన్నాను. అది కూడా మైకులో వెళ్ళిపోయింది. (ఆ మాట కోడలు రాయడం లేదు.) అక్కడ పెళ్ళివారు దాన్ని కూడా మంత్రమనుకుని అక్షింతలు వేశారని తర్వాత చెప్పారు.

మండపం గేటు ముందు ఆపగానే పంతులుగారు మంత్రంతోనే దిగి, మంత్రంతోనే లోపలికి పరిగెత్తి, ఫోను మంత్రమూ నోటి మంత్రమూ ఒక్కటయ్యేలా వెళ్ళి పీట మీద కూర్చున్నారు. చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ ఇల్లు ఆయనకే మిగిలింది.

నేను బయటే ఉండిపోయాను. నీడ కోసం బండ్లు పెట్టిన రేకుల కిందకి వెళ్తే అక్కడ నల్లటి స్పోర్ట్స్ బైకు ఒకటి, హ్యాండిలుకి జంధ్యాల కట్ట వేలాడుతోంది. కుర్ర పంతులుదే అయి ఉండాలి. అలవాటు కొద్దీ లివర్ల గుండ్లు చూశాను. తర్వాత వంగి మెడ చూశాను. పసుపు. మూడు బొట్లు.

కుర్ర పంతులు చేతులు కడుక్కోవడానికి అటు వచ్చి నన్ను పట్టుకున్నాడు. "పిన్నిగారూ, నా బండితో మీకేం పని?"

"బాబూ, ఇది బందరు బ్రోకరు దగ్గర కొన్నావా? డాక్టరు గారి బండి అన్నాడా?"

"అవును. అయితే?"

చెప్పాను. అతను నవ్వాడు. "మీరు ఆయన్ని తెచ్చిన మనిషి. నా బండి ఆగిపోతే ఎవరికి లాభమో నాకు తెలుసులెండి. సాయంత్రం నాగాయలంకలో పెళ్ళి ఉంది నాకు, వెళ్ళాలి" అని కాలు వేసి ఎక్కేశాడు.

నా మాట అతను వినడు. వినాల్సిన పని కూడా లేదు. నేను మండపంలోకి నడిచాను. తాళి కట్టించి పంతులుగారు మంచినీళ్ళు తాగుతున్నారు. చెవిలో సంగతి చెప్పాను. ఆయన నోట్లో నీళ్ళు అలాగే ఉంచుకుని నా వైపు చూశారు. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంటే చాలు, జారిపోయిన ఇళ్ళన్నీ తిరిగొస్తాయి. నీళ్ళు మింగడానికి చాలాసేపు పట్టింది.

మింగి, లేచి, అక్షింతల చేత్తోనే బయటికి పరిగెత్తారు. బండికి అడ్డంగా నిలబడి, "దిగరా!" అన్నారు. "పసుపు వాసన తెలియని వెధవ్వి నువ్వేం పురోహితుడివిరా? దిగి గీకి చూడు!"

తిట్టిన తీరుకి నమ్మాడు అనుకుంటాను. అంత కోపం అసూయతో రాదు. గీకాడు. పెచ్చు ఊడింది. కింద అవే వెల్డింగు అతుకులు. ఆ కుర్రాడి ముఖం తెల్లబోయింది, అతను దాని మీద పెళ్ళాన్నీ చంటిపిల్లనీ కూడా ఎక్కించుకుని తిరిగాడు.

నల్ల బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించాం. అది కదలకుండా ఇద్దరు పంతుళ్ళూ చెరో పక్కన కూర్చుని జబ్బుమనిషిని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. నాగాయలంక పెళ్ళికి ఇద్దరూ కలిసి, బండితో సహా, ఆ ఆటోలోనే వెళ్ళారు. పీట మీద మాత్రం కుర్రాడే కూర్చున్నాడట, పెద్దాయన పక్కన కూర్చుని తప్పులు దిద్దారట.

కొన్నాళ్ళకి ఇద్దరూ కలిసి మా షాపుకి వచ్చారు. ఇద్దరికీ కలిపి ఒకటే బండి కావాలన్నారు. ముహూర్తాలు పంచుకుంటారట, దూరమైతే కలిసి వెళ్తారట. స్పోర్ట్స్ బైకు వద్దు, వెనక సీటు వెడల్పుగా ఉండాలి అని మొదటే చెప్పారు. మెకానిక్ స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని ఒక బండి ఎంచాడు. నేను మెడ కడిగి, మెడ గీకి, మెడ రుద్ది చూపించాను.

తాళం ఇచ్చే సమయానికి కొత్త గొడవ వచ్చింది. పెద్దాయన ముందు సీటు ఎక్కి కూర్చున్నారు.

"బాబాయిగారూ, తోలేది నేను" అన్నాడు కుర్ర పంతులు.

"ఎవడు తోలితే ఏమిటి? పెద్దవాణ్ణి, నేను ముందుండాలి. నలుగురూ చూస్తారు."

అరగంట శాస్త్రాలు తీశారు. ఓనరు చేతులెత్తేశాడు. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు.

"రథం మీద దేవుడు వెనకే కూర్చుంటాడు కదండీ" అన్నాను. "ముందు ఉండేవాడు గుర్రాల్ని అదిలించుకునేవాడు."

పెద్దాయన దిగి వెనక్కి వెళ్ళి, కండువా సర్దుకుని, ఊరేగింపుకి సిద్ధమైనట్టు నిటారుగా కూర్చున్నారు.